తొలి దిమ్మకు ఒక రాజు రూపాయి

పాత వెండి రూపాయి ఒకటి కొందామని అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద వెండి కొట్లు ఎక్కితే ప్రతి చోటా ఒకటే ప్రశ్న: "అమ్మడానికి తెచ్చేరా అమ్మా?" అరవై దాటిన ఆడమనిషి చేతిసంచీ పట్టుకుని వెండి కొట్టు మెట్లెక్కిందంటే అమ్ముకోవడానికే అని వాళ్ళ నమ్మకం. కాదు, కొనడానికని చెబితే, అప్పుడే కుర్చీ వేసినవాడు కూడా నన్ను ఎగాదిగా చూశాడు.

ఎందుకు కొనాల్సి వచ్చిందో ముందు చెబుతాను. మా పుట్టిల్లు దేవరాపల్లి దాటాక ఒక చిన్న ఊరు. మా నాన్నకి బెల్లం గానుగ ఉండేది. ఏటా చెరుకు నరకడం మొదలుపెట్టి మొదటి పాకం పెనం దింపాక తొలి బెల్లం దిమ్మ కట్టేవాడు. అది ఇంకా వేడిగా, మెత్తగా ఉండగానే దాని నెత్తిన ఒక వెండి రూపాయి పెట్టి అరచేత్తో నొక్కేవాడు. తీస్తే బెల్లం మీద కిరీటం పెట్టుకున్న గడ్డం రాజు పక్కకు తిరిగి కనిపించేవాడు. తెల్లదొరల కాలం నాటి రూపాయి అది. బొమ్మ పడిన ముక్క కోసి నాకూ మా తమ్ముడు నూకరాజుకీ పెట్టి, మిగిలిన దిమ్మ అమ్మవారికి పంపేవారు. మిగతా ఊళ్ళలో ఈ ఆచారం ఉందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఉంది, నాకు అదే పండగ.

పద్దెనిమిదో ఏట నాకు పెళ్ళయింది. మా ఆయనది రైల్వే ఉద్యోగం. ఖరగ్‌పూర్ అన్నారు, బిలాస్‌పూర్ అన్నారు, ఎక్కడెక్కడికో తిప్పారు. గానుగాడే రోజుల్లో ఆయనకు సెలవు దొరికిన పాపాన పోలేదు. ఏటా బొమ్మ పడ్డ ముక్కను పార్సిలు చేసేవారు. అది చేరేసరికి చెమర్చి, బొమ్మ చెరిగి, ఉత్త బెల్లంముద్ద అయ్యేది. నేను ఆ ముద్దలోనే రాజును ఊహించుకుని తినేదాన్ని. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఏడుపొచ్చేది.

నాన్న పోయినప్పుడు నేను రెండు రైళ్ళు మారి వచ్చేసరికి అంతా అయిపోయింది. నుదుట అంటించడానికి రూపాయి బిళ్ళ కావాలంటే, ఆ హడావిడిలో ఎవరో పెద్దాయన దేవుడి గూట్లో చేతికి తగిలింది తీసి అంటించేశాడట. ఏ రూపాయి వెళ్ళిపోయిందో మర్నాడు గానీ ఎవరికీ తట్టలేదు. నాన్న వెంటే వెళ్ళిందిలే అని సరిపెట్టుకున్నారు. ఆ తరవాత తొలి దిమ్మ మీద బొమ్మ లేదు.

మేము రిటైరయి అనకాపల్లిలో ఇల్లు తీసుకునేసరికి తమ్ముడికి చక్కెర జబ్బు ముదిరింది. రెండేళ్ళుగా చూపు లేదు. ఈ మార్గశిరంలో ఫోన్ చేశాడు.

"అక్కా, ఇదే ఆఖరు గానుగాట. కూలోళ్ళు దొరకట్నేదు. పొలం సరుగుడుకి కౌలుకిచ్చీసేను. ఎల్లుండి తొలి పెనం దింపుతాం, వత్తావా?" అన్నాడు. మళ్ళీ తనే, "ఆ రాజుగారి రూపాయి ఉండుంటే ఈపాలి ఏలితో సూసుకుందును" అన్నాడు.

వాడు ఏదీ అడిగే రకం కాదు. అందుకే ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. దిమ్మ మీద మళ్ళీ ఆ బొమ్మ పడాలి, వాడి వేలికి అది తగలాలి, ఆ పూట నేను పక్కన ఉండాలి. నాకు కావలసింది ఇంతే. మా ఆయన మాత్రం, "మీ తమ్ముడికి బొమ్మే కావాలంటే పది రూపాయల బిళ్ళ నొక్కుకోమను" అన్నారు. ఆ రాత్రి ఆయనకు చారు నీళ్ళగానే పడింది.

అనకాపల్లి కొట్లలో పాత రూపాయలు లేవని కాదు. ఒకాయన స్టీలు డబ్బా ఒకటి బోర్లించాడు. గలగలమని ఓ ఇరవై పడ్డాయి. అన్నిటికీ దండలో గుచ్చుకునే కొక్కేలు మాటువేసి అతికించి ఉన్నాయి. తోమి తోమి తెల్లగా, నున్నగా ఉన్నాయి. రాజుల ముఖాలు అటుపోయి ఇటుపోయి ఏదో ఆనవాలు మిగిలింది. ఆ రోజు వెండి ధరకి పైన కొంచెం వేసి ఇస్తానన్నాడు. మోసం ఏమీ లేదు. నాకే ఒక్కటీ నచ్చలేదు.

"ముక్కు కనిపించే రాజు కావాలి నాయనా" అన్నాను.

"ముక్కున్నోడు మా దగ్గరెక్కడ దొరుకుతాడమ్మా! రేపు విశాఖపట్నంలో నాణేల ఎగ్జిబిషన్ ఉంది, అక్కడికెల్లండి" అని నవ్వాడు.

మర్నాడే తొలి పెనం. సాయంత్రం అయిదుకి దింపుతారు. నా కోసం ఆపితే పాకం మాడిపోతుంది, కాబట్టి ఆపరు. పొద్దున్నే పాసింజరు పట్టుకుని విశాఖపట్నం వెళ్ళి, రూపాయి కొని, మధ్యాహ్నం బస్సుకి దేవరాపల్లి చేరాలి. సంచీలో మంచినీళ్ళ సీసా, రెండు చపాతీలు, ఫ్రిజ్ తలుపుకి అంటించిన మామిడిపండు బొమ్మ అయస్కాంతం పెట్టుకున్నాను. వెండికి అయస్కాంతం అంటుకోదని మా మనవడు చెప్పాడు.

ఏడింటికి రావలసిన పాసింజరు ఏడున్నరకి వచ్చింది. కూర్చోడానికి చోటు దొరికింది. పక్కన కూరగాయల గంప కాళ్ళ మధ్య పెట్టుకుని ఒకావిడ. గోపాలపట్నం రైతుబజారుకట.

"ఆసుపత్రికా అమ్మా?" అంది. మా వయసు వాళ్ళు పొద్దున్నే రైలెక్కితే అందరికీ వచ్చే అనుమానమే.

"కాదు, పాత వెండి రూపాయి కొనడానికి."

ఆవిడ వంకాయల మీంచి చెయ్యి తీసి నోటి మీద పెట్టుకుంది. "రూపాయి కొంతారా! మా అత్త కాడ ఐదుండీవి. నా కూతురికి పట్టీలు సేయించీసింది. అందులో ఒకటి సెరువులో జారిపోయింది. ముందే తెలిత్తే మీకే ఇద్దును." దిగేటప్పుడు ఒక వంకాయ నా సంచీలో వేసి, "మంచిదే దొరుకుద్దిలెండి" అంది.

విశాఖపట్నం స్టేషన్లో ఇడ్లీ తిని, టీ తాగి, ఆటోలో కురుపాం మార్కెట్టుకి వెళ్ళాను. ఎగ్జిబిషన్ పదింటికి గానీ తెరవరు కదా అని. అక్కడ వెండి కొట్ల దగ్గరా అనకాపల్లి కథే, డబ్బా మాత్రం పెద్దది. మార్కెట్టు బయట ఒకతను ప్లాస్టిక్ పట్టా మీద నాణేలు పరిచి కూర్చున్నాడు. అందులో నా రాజు కనిపించాడు. కిరీటం మీద పూసలు లెక్కపెట్టొచ్చు. ముక్కు కొనదేరి ఉంది. ధర అడిగితే అనకాపల్లి కొట్టాయన చెప్పినదాంట్లో సగం కూడా లేదు. మామిడిపండు అయస్కాంతం తీసి ఆనించాను. అంటుకోలేదు. డబ్బు తీయబోతూ రూపాయి అంచు తిప్పి చూశాను. గీతలు నిలువుగా తీరుగా ఉండాల్సిన చోట చుట్టూ సన్నగా అతుకు కనిపించింది.

"అసలుదేనా?" అన్నాను.

"మా తాత దాసుకున్నదండీ" అన్నాడు. పట్టా మీద అలాంటివే అచ్చంగా ఒకే సంవత్సరంవి, ఒకే చోట గీతపడ్డవి ఇంకో పది ఉన్నాయి. ఆ తాత ఒకే రోజున అన్నీ దాచుకున్నాడు కాబోలు. లేచి వచ్చేశాను. చదివేవాళ్ళకి ఒక మాట: అయస్కాంతం ఇనుమును పట్టిస్తుంది గానీ ఇత్తడినీ సత్తునూ పట్టించదు. దాన్ని నమ్ముకుని నాలాగా డబ్బు సంచీ విప్పకండి.

ఎగ్జిబిషన్ ద్వారకానగర్లో ఒక కల్యాణ మండపంలో. ప్రవేశం ఉచితం. పెళ్ళికూతురు కూర్చోవలసిన వేదిక మీద గాజుపెట్టెలు, భోజనాల బల్లల మీద అమ్మకాలు. అంతా మగవాళ్ళే. భూతద్దాలు పట్టుకుని ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు వంగి చూస్తున్నారు. మెచ్చుకోవలసిందేమిటంటే, చాలా బల్లల మీద ప్రతి నాణేనికీ ధర చీటీ ఉంది. అడగకుండానే నాలుగు బల్లల ధరలు పోల్చుకోవచ్చు. నేను అదే చేశాను. ఒకే రూపాయికి ఒక బల్లకీ ఇంకో బల్లకీ తేడా బాగానే ఉంది. ద్వారం దగ్గర బల్లలవి ఎక్కువ, వెనక వంటగది వైపువి తక్కువ.

ఆ వెనక బల్ల దగ్గర తెల్ల గడ్డం సాయిబుగారు ఒకాయన స్టూలు జరిపి, "కూర్చోండి అమ్మా. కొనడానికేనా?" అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఆయన ఓపిగ్గా చెప్పారు. రూపాయి బరువు సరిగ్గా పాత లెక్కలో తులం ఉండాలి. పన్నెండు వంతుల్లో పదకొండు వెండి. కాబట్టి అరిగినదైనా దానికి వెండి ధర ఎక్కడికీ పోదు, దానికంటే బాగా తక్కువకి ఇస్తున్నారంటే నకిలీ. కొక్కెం మాటువేసినవి సేకరించేవాళ్ళు కొనరు, కాబట్టి వెండి ధరకి దరిదాపుల్లోనే దొరకాలి. ముఖం స్పష్టంగా ఉన్నదానికి ఇంకో అంత పెట్టొచ్చు. అంతకు మించి అడిగితే ఏ సంవత్సరానిదో, అది ఎందుకు అరుదో అడగాలి. జవాబు లేకపోతే నమస్కారం పెట్టి పక్క బల్లకి వెళ్ళాలి. చెబుతూనే ఒక రూపాయిని కాటాలో పెట్టి చూపించి, వేలి మీద నిలబెట్టి ఇంకో రూపాయితో మెల్లిగా తట్టారు. సన్నగా, సాగుతూ మోగింది.

నా రాజే. ముక్కు, కన్ను, గడ్డంలో వెంట్రుకలు, అన్నీ ఉన్నాయి. చీటీ మీద ధర ఆయన చెప్పిన లెక్కకి సరిపోయింది.

"చాలా జాగ్రత్తగా దాచిన నాణెం అమ్మా. ఆల్బంలో పెట్టుకుంటారా?"

"లేదండీ. వేడి బెల్లంలో నొక్కుతాం."

ఆయన చెయ్యి వెంటనే రూపాయిని కప్పేసింది. "తౌబా! బెల్లంలోనా? ఇంతకాలం ఇంత సాఫ్‌గా ఉన్న ముఖాన్నా? నేను అమ్మనమ్మా. కావాలంటే అరిగింది ఒకటి తీసుకోండి, తక్కువలో వస్తుంది."

"అరిగింది వద్దండీ, ముక్కు ఉండాలి" అన్నాను. గడియారం చూస్తే పన్నెండు దాటింది. నాకు కోపం వచ్చింది, కోపం మీద దుఃఖం వచ్చింది. గానుగ సంగతీ, తమ్ముడి కళ్ళ సంగతీ, ఇదే ఆఖరు బెల్లమనీ గడగడా చెప్పేశాను. భూతద్దాల వాళ్ళు ఇద్దరు తలలెత్తి చూశారు.

సాయిబుగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. "వేలితో చూసుకుంటాడా?" అన్నారు. ఆ తరవాత రూపాయిని చిన్న కాగితం పొట్లంలో పెట్టి నా వైపు జరిపారు. "అయ్యాక మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి. అంతే." ధర మాత్రం పైసా తగ్గలేదు. నేనూ బేరం ఆడలేదు. సరైన ధర చెప్పిన మనిషితో బేరం ఆడబుద్ధి కాలేదు.

ఆర్టీసీ కాంప్లెక్సు దాకా నడిచి, అక్కడి హోటల్లో భోజనం చేశాను. సాంబారు బావుంది, పెరుగు పులుపు. చపాతీలు సంచీలోనే ఉండిపోయాయి. రెండుంపావుకి దేవరాపల్లి బస్సు. పెందుర్తి దాకా జనం ఊపిరాడనివ్వలేదు. కె.కోటపాడు దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. చెరుకు తోటలు చూద్దామని కూర్చుంటే సగం చోట్ల సరుగుడు మొక్కలే బారులు తీరి ఉన్నాయి. నా చిన్నప్పుడు ఈ దారిలో ఏ మలుపు తిరిగినా పాకం వాసన వచ్చేది. ఆ రోజు ఒక్కచోటే వచ్చింది. పొట్లం మాటిమాటికీ తడుముకుంటూ ఉంటే కండక్టరు, "చిల్లర పోయిందేటమ్మా?" అని అడిగాడు.

దేవరాపల్లి నుంచి ఆటో. గానుగ చేరేసరికి అయిదవడానికి పది నిమిషాలుంది. నూకరాజు నులకమంచం మీద కూర్చుని నా అడుగుల వైపు ముఖం తిప్పాడు. మా మరదలు పైడితల్లి నా చేతిలో సంచీ అందుకుని, "వదినొచ్చీసింది" అని కేకేసింది.

నేను రూపాయి వాడి అరచేతిలో పెట్టాను. వాడు దాన్ని గోటి మీద నిలిపి మీటాడు. చెవి దగ్గర పెట్టుకుని, మోత ఆగేదాకా విన్నాడు.

"ఎండి రూపాయే" అన్నాడు. "ఎక్కడ దొరికిందే అక్కా?"

పెనం దింపారు. తొలి దిమ్మ కట్టి మంచం ముందు పీట మీద పెట్టారు. పైడితల్లి వాడి చెయ్యి పట్టుకుని దిమ్మ మీదికి చేర్చింది. నాన్న లాగే రూపాయి పెట్టి అరచేత్తో నొక్కాడు. నెమ్మదిగా తీశాడు. ఎంత బాగా పడిందని! కిరీటం మీద పూసలతో సహా పడ్డాడు రాజు. నాకు పదేళ్ళ పిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

వాడు చూపుడు వేలు పెట్టాడు. కిరీటం మీంచి దిగింది వేలు. నుదుటి దగ్గరికి వచ్చింది. కిందికి జరిగి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి అక్కడే ఆగింది.

"ఏట్రా?" అన్నాను.

"ముక్కుందేటక్కా దీనికి?"

"ఉండదా మరి! ముక్కున్నోడి కోసమే కదరా పట్నం వెళ్ళేను."

"మనోడికి ముక్కు నేదు కదే."

నాకు అర్థం కాలేదు. ఉంది, బాగా గుర్తుంది, ముక్కు కోసం కొట్టుకునేవాళ్ళం కదరా అన్నాను.

వాడు నవ్వాడు. "నువ్వుండగా ఉండీది. నువ్వెల్లిపోయేక శుక్రారం శుక్రారం దేవుడి సామాను తోమడం నా వొంతైంది. అమ్మ సింతపండూ బూడిదా ఇచ్చీది. నువ్వెల్లిపోయేవని నాకు కోపంగా ఉండీది. ఆ కోపమంతా ఆ రూపాయి మీదే సూపించీవోణ్ణి. ముందు ముక్కెల్లిపోయింది. తరవాత కన్ను. ఆఖరికి ఏలికి కిరీటం ఒక్కటే తగిలీది." నా వైపు తిరిగి అన్నాడు, "నీకు పార్సిలు సేసినవన్నీ ముక్కు నేని రాజులేనే."

ఆ పార్సిళ్ళలో నేను ఊహించుకుని తిన్నది ఎప్పుడో అరిగిపోయిన ముఖాన్నన్నమాట. నేను లేని ఏళ్ళన్నీ అలా ఆ రూపాయి మీంచి పోయాయి, నాకు తెలియనే తెలియదు. వాడికి తెలిసిన రాజు వేరు, నాకు తెలిసిన రాజు వేరు. నేను నా రాజును కొనుక్కొచ్చి వాడి వేలికింద పెట్టాను.

"రేపే అరిగింది తెస్తాను. అనకాపల్లిలో డబ్బా నిండా ఉన్నాయి" అన్నాను.

"అవి ఎవలింట్లోనో అరిగినవి. మనకెందుకే?"

"పోనీ దీన్నే తోమరా."

"అరగాలంటే ఏళ్ళు గావాల కదక్కా" అన్నాడు. మామూలుగానే అన్నాడు. పైడితల్లి కొంగుతో ముఖం తుడుచుకుని పొయ్యి వైపు వెళ్ళిపోయింది. వాడి వేలు మాత్రం ఆ ముక్కు మీంచి కదల్లేదు. "నువ్వు సూసింది ఇదేనా? ఇలాగే ఉండీదా?" అని అడిగాడు. ఇలాగే ఉండేదని చెప్పాను. ఇంకోసారి తడిమాడు.

బయలుదేరేటప్పుడు రూపాయి వాడి దగ్గరే వదిలేశాను. దిమ్మలోంచి ఒక ముక్క, వేడి తగ్గనిది, అరిటాకులో చుట్టి ఇచ్చారు. ఆరున్నరకి దేవరాపల్లిలో చోడవరం బస్సు ఎక్కాను.

నాణేలు కొనడానికి వెళ్ళేవాళ్ళకి నేను తెలుసుకున్నది చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. వెండి కావాలంటే మన అనకాపల్లి కొట్లు నయం, ముఖం కావాలంటే ఎగ్జిబిషన్లో వెనక బల్లలు నయం, రోడ్డు పక్కన పట్టాల జోలికి పోకండి. సరైన ధరకి మంచి రూపాయి దొరుకుతుంది, నాకు ఒక్క రోజులోనే దొరికింది. నాకు కావలసింది మాత్రం మా ఇంట్లో మా తమ్ముడి చేతిలో అరిగినది. అది ఏ బల్ల మీదా ఉండదు.

చోడవరంలో బస్సు మారి కూర్చున్నానో లేదో పైడితల్లి ఫోన్.

"వదినా, ఈయన బువ్వ తినకుండా కూకున్నాడు. సింతపండు తెమ్మంతన్నాడు. పొయ్యిలోంచి బూడిద కూడా కావాలంట. సీకటడిపోయింది, ఇప్పుడేటి తోముతాడు? ఇమ్మంతావా?"

బస్సు కదిలింది. ఇంజను మోతలో నా గొంతు నాకే వినిపించలేదు.

"ఇయ్యమ్మా" అన్నాను. "సింతపండు కొంచెం ఎక్కువే ఇయ్యి."